పండ్ల చీజ్ టోస్ట్: అమెరికా విందుల్లో తొలి వడ్డన

కరకరలాడేలా కాల్చిన చిన్న బ్రెడ్ ముక్క మీద మెత్తటి చీజ్ రాసి, పైన తాజా పండో ఎండు పండో కాస్త జామో పెట్టి, భోజనానికి ముందు అందించే చిరుతిండి ఇది. అమెరికాలో దీన్ని క్రొస్టీని అంటారు, చీజ్ టోస్ట్ అంటారు, పేరుతో పనిలేని చోట అపెటైజర్ అని ఊరుకుంటారు. రెండు కొరుకుల్లో అయిపోవాలి. ప్లేటూ ఫోర్కూ అవసరం పడకూడదు. ఒక చేతిలో గ్లాసు ఉండగా రెండో చేత్తో, నిలబడి, మాట్లాడుతూ తినగలగాలి. ఈ షరతులు పాటించినంత వరకు పైన ఏముందన్న దాని మీద పట్టింపు లేదు. మేకపాల చీజ్ మీద అంజీర్, బ్రీ మీద క్రాన్‌బెర్రీ, బ్లూ చీజ్ మీద పియర్, రికోటా మీద పీచ్ అమెరికా పార్టీ బల్లల మీద తరచూ కనబడే జంటలు.

దీన్ని వంట అనడానికి పొయ్యి దగ్గర జరిగేది చాలా తక్కువ. బ్రెడ్ కాల్చడం తప్ప మిగతాదంతా కొనడం, కోయడం, పేర్చడం. అందుకే దీని మంచిచెడ్డలు రెండు చోట్ల తేలిపోతాయి: దుకాణంలో ఏం ఎంచుకున్నాం, పేర్చాక వచ్చినవాళ్ల చేతికి అందేలోపు ఎంతసేపు ఆగనిచ్చాం. పండు నిండా నీరే. చీజ్‌లోనూ సగం నీరే. బ్రెడ్‌లో మాత్రం తడి ఉండకూడదు. ఈ తేడాను ఓ అరగంట నిలబెట్టగలిగితే ఇందులో పనితనం వచ్చినట్టే.

పుట్టుపూర్వాలు

కాల్చిన బ్రెడ్ మీద ఏదో ఒకటి రాసుకుని తినడం ఇటలీ పల్లెల్లో పాత అలవాటు. టస్కనీలో కోడి కాలేయం ముద్ద రాసిన క్రొస్టీని ఇప్పటికీ విందు భోజనానికి ముందు వస్తుంది. ఫ్రెంచి వంటశాలలు అదే పనిని కానపే పేరుతో నాజూకు చేశాయి. అమెరికాకు ఈ రెండూ వచ్చాయి గానీ, నిలబడి తినే చిరుతిళ్లకు అక్కడ గిరాకీ పెంచింది మద్యం. తొలి కాక్‌టెయిల్ పార్టీగా తరచూ చెప్పేది 1917లో సెయింట్ లూయిస్‌లో ఓ సంపన్న గృహిణి ఇచ్చిన విందు. ఆ తర్వాత మూడేళ్లకే, 1920లో, దేశమంతటా మద్యనిషేధం వచ్చింది. 1933 దాకా సాగిన ఆ కాలంలో తాగడం ఇళ్లలోకీ రహస్య బార్లలోకీ చేరింది. ఖాళీ కడుపుతో తాగేవాళ్లకు చేత్తో తినే చిన్న చిన్న ముక్కలు కావలసి వచ్చాయి. నిషేధం పోయినా అలవాటు పోలేదు. 1934లో నబిస్కో కంపెనీ రిట్జ్ క్రాకర్లను బజారులోకి తెచ్చింది. అదే దశకం చివర న్యూయార్క్‌లో కేవలం ఇలాంటి చిరుతిళ్లు సరఫరా చేసే వ్యాపారం నడిపిన జేమ్స్ బియర్డ్, 1940లో వాటి మీదనే తన మొదటి పుస్తకం రాశాడు. తర్వాతి కాలంలో అమెరికా వంటకు పెద్దదిక్కు అనిపించుకున్న మనిషి మొదలుపెట్టింది ఈ కానపేలతోనే.

అయితే ఆ రోజుల్లో ఇంటి టోస్ట్ మీద ఉన్న చీజ్ వేరు. న్యూయార్క్ రాష్ట్రంలోని చెస్టర్ అనే ఊళ్లో విలియం లారెన్స్ అనే పాల వ్యాపారి 1872లో క్రీం చీజ్ తయారీ మొదలుపెట్టాడు. 1880 నుంచి అది ‘ఫిలడెల్ఫియా’ పేరుతో అమ్ముడుపోయింది. చేసింది న్యూయార్క్‌లోనే అయినా మంచి పాల సరుకుకు పేరున్న ఊరు ఫిలడెల్ఫియా గనక ఆ పేరు తగిలించారు. జేమ్స్ క్రాఫ్ట్ 1916లో ప్రాసెస్డ్ చీజ్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఈ రెండు రకాలే ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా సగటు ఇంటి పార్టీని నడిపించాయి. రుచి సాదా. పండుతో జోడీ కడితే పండు రుచే మిగిలేది.

మార్పు కాలిఫోర్నియాలో వచ్చింది. బర్కిలీలో ఆలిస్ వాటర్స్ 1971లో షే పనీస్ రెస్టారెంటు తెరిచింది. దగ్గరి పొలాల్లో ఆ వారం పండినదే ఆ వారం వండాలన్నది అక్కడి పట్టుదల. సొనోమా కౌంటీలో మేకలు పెంచుకునే లారా షెనెల్ ఫ్రాన్సు వెళ్లి అక్కడి రైతుల దగ్గర మేకపాల చీజ్ చేయడం నేర్చుకుని వచ్చి, 1979లో సొంత తయారీ మొదలుపెట్టింది. ఆ చీజ్ షే పనీస్ వంటశాలకు చేరింది. బ్రెడ్ పొడి అద్ది అవెన్లో వేడిచేసిన మేకపాల చీజ్ బిళ్లలతో చేసిన సలాడ్ ఆ రెస్టారెంటుకు గుర్తుగా నిలిచిపోయింది. అదే రెస్టారెంటులో పనిచేసిన స్టీవ్ సలివాన్ 1983లో బర్కిలీలోనే ఆక్మె బ్రెడ్ స్థాపించాడు. చీజ్, బ్రెడ్, పండు మూడూ ఒకే ప్రాంతంలో ఒకే కాలంలో మెరుగుపడ్డాయి. ఈనాటి అంజీర్-మేకపాల చీజ్ టోస్ట్‌ను ఫలానా వంటవాడు కనిపెట్టాడని చెప్పలేం గానీ, దాని పుట్టిల్లు ఎక్కడంటే శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టుపక్కల అనడం సబబు.

తూర్పు తీరంలో ఇదే ధోరణికి ఊతమిచ్చింది న్యూయార్క్‌లో 1977లో జూలీ రోసో, షీలా లుకిన్స్ తెరిచిన సిల్వర్ పాలెట్ అనే తినుబండారాల దుకాణం, 1982లో అదే పేరుతో వచ్చిన వంటపుస్తకం. 1983లో కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫ్రాంక్ కొసికోవ్‌స్కీ చొరవతో అమెరికన్ చీజ్ సొసైటీ ఏర్పడింది. 1984లో వెర్మాంట్ క్రీమరీ మొదలైంది. ఆ తర్వాత సూపర్‌బజార్ల చీజ్ అర ఏటేటా పొడుగవుతూనే వచ్చింది.

బ్రెడ్

బాగెట్ అనే పొడవాటి ఫ్రెంచి బ్రెడ్ ఈ పనికి వాడుక. అడ్డంగా కాకుండా ఏటవాలుగా కోస్తే ముక్క కాస్త పొడుగ్గా వచ్చి పైన చోటు పెరుగుతుంది. సుమారు ఒక సెంటీమీటరు, మహా అయితే ఒకటింబావు మందం. అంతకన్నా మందమైతే కొరికేటప్పుడు పైనున్నదంతా చొక్కా మీదికి జారుతుంది, పల్చనైతే విరుగుతుంది. ఆ రోజు పొద్దున్నే వచ్చిన తాజా బాగెట్ కన్నా నిన్నటిది మేలు. తడి కాస్త ఆరి ఉంటుంది కాబట్టి కత్తికి తేలిగ్గా తెగుతుంది, అవెన్లో సమానంగా ఎండుతుంది. కాస్త పులుపు రుచి కావాలనుకునేవాళ్లు సార్‌డో బ్రెడ్ వాడతారు. పెద్ద పెద్ద కన్నాలున్న సార్‌డో చూడ్డానికి బాగుంటుంది గానీ, తేనె ఆ కన్నాల్లోంచి కారి వేళ్లకు అంటుకుంటుంది.

ముక్కలకు రెండు వైపులా ఆలివ్ నూనె పల్చగా రాయాలి. ఇది రుచి కోసమే అనుకుంటే పొరపాటు. నూనె పొర పైనుంచి దిగే తడిని కొంతసేపు ఆపుతుంది. అవెన్ 375 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 190 సెల్సియస్ దగ్గర పెట్టి ఎనిమిది నుంచి పది నిమిషాలు, మధ్యలో ఒకసారి తిరగేస్తూ కాల్చాలి. బ్రెడ్ ఉపరితలం సుమారు 140 సెల్సియస్ దాటాక అందులోని ప్రొటీన్లూ చక్కెరలూ కలిసి బంగారు రంగునీ కమ్మటి వాసననీ ఇస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ 1912లో వివరించిన చర్య ఇదే. అంచులు రంగు తిరిగి నడుమ ఇంకా లేతగా ఉన్నప్పుడే తీసేసేవాళ్లున్నారు. అలా తీస్తే నడుమ తడి మిగిలిపోయి పావుగంటలో ముక్క మెత్తబడుతుంది. వేలితో నొక్కితే ఎక్కడా లొంగకూడదు.

చాలామంది తప్పటడుగు వేసేది ఆ తర్వాతే. వేడి ముక్కల్ని ఒకదాని మీద ఒకటి గిన్నెలో పోస్తే వాటి ఆవిరి వాటికే తగిలి చెమర్చుతాయి. తీగల జల్లెడ మీద విడివిడిగా పరిచి పూర్తిగా చల్లారనివ్వాలి. చల్లారాక గాలి చొరని డబ్బాలో పెడితే మర్నాటికీ కరకరలాడతాయి కాబట్టి ఈ పని ముందురోజే ముగించుకోవచ్చు.

చీజ్

మేకపాల చీజ్ గురించి తెలుగువాళ్లకు తేలిగ్గా అర్థమయ్యే సంగతి ఒకటుంది: వేడిచేస్తే అది కరిగి సాగదు, పనీరులాగే. కారణమూ ఒకటే. రెండింటిలోనూ పాలు విరిగేది ముఖ్యంగా పులుపు వల్ల. పులుపు తగిలితే పాలలోని కేసీన్ ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని ఉన్న కాల్షియం విడిపోతుంది. అలా ఏర్పడిన గడ్డ వేడికి బిగుసుకుంటుందే తప్ప తీగలు సాగదు. బర్కిలీ సలాడ్‌లో చీజ్ బిళ్ల అవెన్లోంచి ఆకారం చెడకుండా బయటికి రావడంలో కిటుకు ఇదే. టోస్ట్ మీద ఇది పెద్ద సౌకర్యం. ముందుగా రాసి వేడిచేసినా కారిపోదు. నేరుగా పొట్లంలోంచి తీసి రాస్తే పొడిపొడిగా రాలుతుంది గనక రెండు మూడు చెంచాల క్రీం వేసి గిలకొట్టుకుంటే సరి.

బ్రీ స్వభావం దీనికి పూర్తిగా ఎదురు. పైన తెల్లటి బూజు పొర, లోపల వెన్నలాంటి మెత్తదనం, వేడి తగిలితే జారిపోవడం. ఫ్రాన్సులో పచ్చి పాలతో చేసే అసలైన బ్రీ అమెరికాలో దొరకదు. పచ్చి పాల చీజ్‌ను కనీసం 60 రోజులు మాగబెట్టకుండా అమ్మకూడదని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ నియమం. బ్రీ అంతకాలం ఆగదు. అప్పటికి చేయి దాటిపోతుంది. అందుచేత అమెరికా దుకాణాల్లో బ్రీ అంతా పాశ్చరైజ్ చేసిన పాలతో చేసిందే. వాసన, ఘాటు తక్కువ. చీజ్ నిపుణులు ఈ విషయమై వాపోతారు. పార్టీ ఇచ్చేవాళ్లకు ఇది కలిసొచ్చిందనే అనాలి, ఎందుకంటే ఘాటు తక్కువైన చీజ్ పదిమందిలో ఎనిమిదిమందికి నచ్చుతుంది.

బ్లూ చీజ్ అలా కాదు. నచ్చితే ప్రాణం, లేకపోతే దూరం. అయొవా రాష్ట్రంలోని న్యూటన్‌లో 1941లో మొదలైన మేట్యాగ్ బ్లూ అమెరికాలో ఈ తరహాకు పాత పేరు. కొత్త పేరు ఒరెగాన్‌లోని రోగ్ క్రీమరీ. వాళ్ల రోగ్ రివర్ బ్లూ 2019లో ఇటలీలోని బెర్గామోలో జరిగిన ప్రపంచ చీజ్ పోటీల్లో అగ్రస్థానం గెలుచుకుంది. అమెరికా చీజ్‌కు ఆ గౌరవం దక్కడం అదే మొదలు. ఆ చీజ్‌ను పియర్ మద్యంలో నానబెట్టిన ద్రాక్షాకుల్లో చుట్టి మాగబెడతారు. క్రీమరీ ఉన్న సెంట్రల్ పాయింట్‌కు ఆనుకుని ఉన్న మెడ్‌ఫర్డ్ చుట్టుపక్కల లోయ పియర్ తోటలకు ప్రసిద్ధి. పండ్ల బుట్టలు పోస్టులో పంపే హ్యారీ అండ్ డేవిడ్ కంపెనీదీ ఆ ఊరే. పియర్, బ్లూ చీజ్ జోడీ వంటపుస్తకాల్లో కుదిరిన సంబంధం అనుకుంటాం గానీ, ఇక్కడ మాత్రం రెండూ ఒకే లోయలో పెరిగాయి.

రికోటాకు సొంత రుచి పెద్దగా లేదు. తీపి పండునూ జామునూ మోయడానికి అది మంచి పీట. లాస్ ఏంజిలిస్‌లో జెస్సికా కొస్లో నడిపిన స్క్వర్ల్ కెఫే 2010ల్లో రికోటా, జామ్ రాసిన మందపాటి టోస్ట్‌తోనే పేరు తెచ్చుకుంది. అది ఉదయపు ఫలహారం. దాన్నే చిన్న ముక్కలకు దించితే పార్టీ టోస్ట్. రికోటాను వాడే ముందు జాలిగుడ్డలో గంటసేపు వేలాడదీయడం మరవకూడదు. ఆ నీరు టోస్ట్‌లోకి దిగితే చెప్పేదేముంది.

చెడార్, యాపిల్ జంట అన్నింటికన్నా పాతకాలపుది, ఈశాన్య రాష్ట్రాలది. వెర్మాంట్ రాష్ట్రం 1999లో యాపిల్ పైని అధికారిక పైగా ప్రకటిస్తూ, దాన్ని వడ్డించేటప్పుడు చల్లటి పాలతోనో, కనీసం అర ఔన్సు చెడార్ ముక్కతోనో, వెనిలా ఐస్‌క్రీంతోనో ఇచ్చేందుకు మనస్ఫూర్తిగా ప్రయత్నించాలని చట్టంలోనే రాసుకుంది. చీజ్ తూకాన్ని పండు వంటకంతో ముడిపెట్టిన శాసనం ఇంకెక్కడైనా ఉందా అన్నది అనుమానమే.

పండు

ఉప్పటి చీజ్ మీద తియ్యటి పండు ఏమిటని మొదటిసారి చూసినవాళ్లు ముఖం పెట్టడం కద్దు. జామకాయ ముక్కకు ఉప్పూకారం అద్దుకుని తినే మనకు ఇందులో కొత్త ఏమీ లేదు. కొద్దిపాటి ఉప్పు చేదును అణచి తీపిని పైకి తెస్తుంది. చీజ్‌లోని కొవ్వు పులుపు పదును తగ్గిస్తుంది. పండులోని పులుపు ఆ కొవ్వు నాలుకకు పట్టుకోకుండా కడిగేస్తుంది.

అమెరికాలో అంజీర్ కథ కాస్త పొడుగు. 1769లో శాన్ డియేగో దగ్గర మిషన్ స్థాపించిన స్పానిష్ ఫ్రాన్సిస్కన్ సన్యాసులతో అంజీర్ కాలిఫోర్నియాకు చేరింది. నల్లగా నిగనిగలాడే మిషన్ రకం పేరు అలా వచ్చిందే. పంతొమ్మిదో శతాబ్దం చివర ఫ్రెస్నో రైతులు టర్కీలోని స్మిర్నా ప్రాంతపు అంజీర్ మొక్కలు తెచ్చి నాటారు. చెట్లు ఏపుగా పెరిగాయి; కాయలు మాత్రం పండకముందే రాలిపోయాయి. ఆ రకానికి పరాగసంపర్కం చేసేది ఆవగింజంత కందిరీగ అని తేలేదాకా, తేలాక కూడా ఆ కందిరీగను తెచ్చి బతికించుకునేదాకా పంట చేతికి రాలేదు. ఫ్రెస్నో నర్సరీ యజమాని జార్జ్ రోడింగ్ 1899లో అది సాధించాడు. కాలిఫోర్నియా, స్మిర్నా కలిపి ఆ పండుకు కాలిమిర్నా అని పేరు పెట్టారు. ఇప్పటికీ అమెరికాలో పండే అంజీర్‌లో దాదాపు అంతా కాలిఫోర్నియాదే.

టోస్ట్‌కు మిషన్ అంజీరే అనువు. తోలు పల్చన, లోపల గులాబీ రంగు, నాలుగు పాయలుగా కోస్తే అలంకారం దానంతటదే అయిపోతుంది. చెట్టు నుంచి కోశాక ఇక మాగదు, ఫ్రిజ్‌లోనూ కొద్దిరోజులకు మించి ఆగదు. జూన్‌లో ఓ చిన్న కాపు, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పెద్ద కాపు. డిసెంబరు పార్టీకి తాజా అంజీర్ కోసం తిరగడం వృథా. అంజీర్ జామ్ వాడితే ఎవరూ తప్పు పట్టరు. ఎండు అంజీర్‌ను వేడినీళ్లలో నానబెట్టి సన్నగా తరిగినా సరిపోతుంది.

పియర్ తంతు వేరు. అది చెట్టు మీద కన్నా కోశాకే బాగా మాగుతుంది, అదీ లోపలి నుంచి బయటికి. పొట్ట దగ్గర మెత్తబడేదాకా ఆగితే లోపల కుళ్లు పట్టి ఉంటుంది. తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కితే కొద్దిగా లొంగాలి, అంతే. కోసిన పియర్, యాపిల్ ముక్కలు గాలికి గోధుమరంగు తిరుగుతాయి. నిమ్మరసం పిండిన నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో అద్ది ఆరబెడితే రంగు నిలుస్తుంది. ఆరబెట్టడం మానేస్తే నిమ్మరసం వల్ల ఒరిగిన లాభమంతా టోస్ట్ నానడంతో పోతుంది.

నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ చుట్టుపక్కల క్రాన్‌బెర్రీ రాజ్యం. దేశంలో పండే క్రాన్‌బెర్రీలో సగానికి పైగా విస్కాన్సిన్‌దే. పచ్చిగా తినలేనంత పులుపూ వగరూ. చక్కెర, నారింజ తొక్క తురుము వేసి పది నిమిషాలు ఉడికిస్తే దానిలోని పెక్టిన్ వల్ల ఇంకేమీ కలపకుండానే గడ్డకడుతుంది. వెచ్చటి బ్రీ మీద ఇది పడితే పండగ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మామిడితో చేయవచ్చా అని తెలుగువాళ్లు అడగకుండా ఉండరు. బాగుంటుంది. ఎన్నో ఏళ్ల విరామం తర్వాత 2007 ఏప్రిల్‌లో భారతదేశపు మామిడి అమెరికాలోకి తిరిగి ప్రవేశించింది. రేడియేషన్‌తో శుద్ధి చేస్తేనే అనుమతి, విమానంలో వస్తేనే నిలవ, కాబట్టి ధర ఆకాశంలోనే. ఆ ధర పెట్టి కొన్న బంగినపల్లిని టోస్ట్ ముక్కల మీద పెట్టడానికి మనసొప్పదు, పెట్టనూ కూడదు. మెక్సికో నుంచి వచ్చే అటాల్ఫో రకం పసుపు మామిడికి పీచు తక్కువ, కండ గట్టిది. రికోటా మీద సన్నటి ముక్కలు పెట్టి మిరపపొడి చిలకరించడానికి అది చాలు.

కొన్ని పండ్లకు ఈ పళ్లెంలో చోటు లేదు. పుచ్చకాయ ఒట్టి నీళ్లు. పచ్చి అనాస, కివి, బొప్పాయిల్లో ప్రొటీన్లను ముక్కలు చేసే ఎంజైములు ఉంటాయి. వాటిని క్రీం చీజ్ మీద పెట్టి కాసేపు వదిలేస్తే పాల ప్రొటీన్లు విరిగి చేదెక్కుతాయి. ఉడికిస్తే ఎంజైములు చచ్చిపోతాయి కాబట్టి కాల్చిన అనాసతోనూ డబ్బా అనాసతోనూ ఆ బెడద లేదు.

పేర్చే తీరు

పాతిక ముప్పై ముక్కలు రావాలంటే ఒక బాగెట్, ఎనిమిది ఔన్సుల మేకపాల చీజ్, ఎనిమిది మిషన్ అంజీర్‌లు, రెండు మూడు చెంచాల తేనె, గుప్పెడు అక్రోట్లు, కాసిని థైమ్ ఆకులు, మిరియాలు కావాలి. చీజ్‌ను అరగంట ముందే ఫ్రిజ్‌లోంచి బయట పెట్టాలి. చల్లటి చీజ్‌కు రుచీ వాసనా సగమే తెలుస్తాయి. రాసేటప్పుడు టోస్ట్‌నూ విరుస్తుంది. క్రీం కలిపి గిలకొట్టిన చీజ్‌ను అంచుల దాకా రాయాలి. చీజ్‌లోని కొవ్వు పండు తడికి అడ్డుగోడ. అందుకే జామ్ కింద, చీజ్ పైన అన్న వరస పనికిరాదు, ఎంత అందంగా కనిపించినా సరే. దాని మీద అంజీర్ పాయ కోసిన వైపు పైకి వచ్చేలా, పక్కన వేయించి చిదిమిన అక్రోటు, చిటికెడు మిరియాల పొడి, రెండు థైమ్ ఆకులు. తేనె అన్నింటికన్నా చివర, ట్రే బల్ల దగ్గరికి వెళ్లే ముందు, చెంచా కొన నుంచి సన్నటి ధారగా. ఉప్పు రేకులు వేయదలిస్తే అవీ అప్పుడే. ముందు వేస్తే పండు నీరు కక్కుతుంది.

ముప్పై ముక్కలూ ఒకేసారి పేర్చిపెట్టడం కన్నా డజను డజనుగా పేర్చి పంపితే చివరి ముక్క కూడా మొదటిదంత కరకరగా ఉంటుంది. సొగసు కూడా అందులోనే ఉంది. నిండా కుక్కిన ట్రే కన్నా మధ్యమధ్య ఖాళీ ఉన్న ట్రే చూడముచ్చటగా ఉంటుంది. ముక్కలన్నీ ఒకే పరిమాణంలో, ఒకే దిక్కుకు తిరిగి ఉండాలి. ఒక ట్రేలో ఒకే రకం. బాల్సమిక్ గ్లేజ్‌తో అటూ ఇటూ నల్లగీతలు గీయడం ఎప్పుడో అరిగిపోయిన అలంకారం. నాలుగు చుక్కలు చాలు, స్ట్రాబెర్రీల మీద అయితే అవీ బాగా కుదురుతాయి. రోజ్‌మేరీ కొమ్మను నిలువునా గుచ్చేవాళ్లకు ఒక మాట: తినేవాళ్లు దాన్ని తీసి ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో వేసుకుంటారు.

భోజనం ముందు ఇస్తే మనిషికి రెండు మూడు ముక్కలు లెక్క. భోజనం ఆలస్యమయ్యే ఇళ్లలో రెట్టింపు.

రెన్నెట్ సంగతి

చాలా రకాల చీజ్‌లలో పాలను విరగ్గొట్టేది రెన్నెట్. సంప్రదాయంగా అది లేగదూడ పొట్ట నుంచి తీసే పదార్థం. నిష్ఠగా శాకాహారం పాటించే తెలుగు కుటుంబాలకు అమెరికా చీజ్ అర దగ్గర ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. అమెరికాలో లేబుల్ మీద తరచుగా ఎంజైమ్స్ అని మాత్రమే రాసి ఉంటుంది. అవి జంతువువా, బూజువా అన్నది దాన్ని బట్టి తేలదు. 1990లో సూక్ష్మజీవుల చేత తయారుచేయించిన కైమోసిన్‌కు, అంటే రెన్నెట్‌లో పాలు విరగ్గొట్టే ఎంజైమ్‌కు, అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. జన్యు మార్పిడితో తయారై ఆహారంలో వాడకానికి అనుమతి పొందిన తొలి ఎంజైమ్ అదే. ప్రస్తుతం అమెరికా చీజ్‌లో ఎక్కువ భాగం దానితోనే తయారవుతోంది, అంటే దూడ ప్రసక్తి లేనిదే. ఇటలీ నుంచి వచ్చే పార్మిజానో రెజ్జానోకు మాత్రం దూడ రెన్నెట్ తప్పనిసరి; అక్కడి నియమావళిలోనే ఉంది. పార్మెజాన్ పేరుతో అమెరికాలో తయారయ్యేవాటికి ఆ నిర్బంధం లేదు. వెజిటేరియన్ అనో, మైక్రోబియల్ రెన్నెట్ అనో రాసి ఉన్నదాన్ని ఎంచుకుంటే తంటా లేదు. నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో ఇంట్లో పాలు విరగ్గొట్టి చేసుకున్న రికోటాకు ఈ ప్రశ్నే లేదు.

దూడ రెన్నెట్‌తో పనిలేకుండా అంజీర్ చెట్టు పాలతో పాలు విరగ్గొట్టడం గ్రీకులకు హోమర్ కాలం నుంచీ తెలుసు. అయితే పరాగసంపర్కం చేసే కందిరీగ గురించి విని అంజీర్ పండే తినడానికి వెనకాడే శాకాహారులూ ఉన్నారు. మిషన్ రకం పరాగసంపర్కం లేకుండానే పండుతుంది; కందిరీగ ప్రమేయం ఉన్నది కాలిమిర్నా లాంటి వాటికే.

తెలుగు ఇళ్ల విందుల్లో

అమెరికాలో తెలుగు ఇళ్ల పార్టీల్లో అపెటైజర్ అంటే చాలాకాలం సమోసా, మిరపకాయ బజ్జీ, గోబీ మంచూరియా. ఇవన్నీ వేడి మీద తింటేనే బాగుంటాయి; ఆతిథ్యమిచ్చే ఇల్లాలో, ఇంటాయనో మూకుడు వదిలి బయటికి రాలేరు. ఆరు గంటలకని పిలిస్తే ఏడుంబావుకు వచ్చే మన అలవాటుకు గది వేడిలో తినే టోస్ట్ బాగా నప్పుతుంది, పేర్చకుండా ఆపి ఉంచితేనే సుమా. పాట్‌లక్‌కు తీసుకెళ్లేవాళ్లు కాల్చిన బ్రెడ్ ఒక డబ్బాలో, గిలకొట్టిన చీజ్ ఇంకో డబ్బాలో, కోసిన పండ్లు వేరే డబ్బాలో పట్టుకెళ్లి అక్కడే పేర్చుకోవాలి. కారులో పేర్చుకెళ్లిన ట్రే మొదటి మలుపుకే ఆగమవుతుంది. తేనెకు బదులు పల్చటి బెల్లం పాకం, థైమ్‌కు బదులు పుదీనా, మిరియాలకు బదులు గుంటూరు కారం చిటికెడు, ఇవన్నీ రుచిలో ఇమిడిపోయే మార్పులు. ఆవకాయ మాత్రం వద్దు; దాని నూనె చీజ్‌ను మింగేస్తుంది.

సీమంతం వేడుకకు చేసేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. మెత్తటి చీజ్‌లలో లిస్టీరియా అనే సూక్ష్మజీవి పెరిగే అవకాశం ఉంది. మామూలు మనిషికి అది చిన్న జబ్బు, గర్భిణికీ కడుపులో బిడ్డకూ ప్రమాదం. పాశ్చరైజ్ చేసిన పాలతో చేసిందేనని లేబుల్ మీద చూసుకోవాలి. అనుమానం ఉంటే కడుపుతో ఉన్నామె పళ్లెంలోకి క్రీం చీజ్ రాసిన ముక్కలు వేరుగా చేసిపెట్టడం ఉత్తమం. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించకూడదు. పాలు, గోధుమ, అక్రోట్లు మూడూ అమెరికా చట్టం ప్రకారం లేబుల్ మీద చెప్పి తీరవలసిన అలర్జీ పదార్థాల్లో ఉన్నవే కనుక, పిల్లలున్న పార్టీలో అక్రోట్లు లేని ట్రే ఒకటి విడిగా ఉంచి పక్కన చిన్న కాగితం పెడితే మంచిది.

చీజ్ ఉన్న ట్రే బయట రెండు గంటలకు మించి ఉండరాదు. పెరట్లో వేసవి పార్టీ అయి, ఎండ 90 ఫారెన్‌హీట్ దాటితే గంటే గడువు. పేర్చినవి మిగిలితే దాచుకోవడం కుదరదు. పేర్చనివి మిగిలితే బ్రెడ్ ముక్కల్ని మర్నాడు చిదిమి టమాటా సూపులో వేసుకోవచ్చు. చీజ్‌ను మైనపు కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెడితే మరో నాలుగు రోజులు వస్తుంది.